చిన్న బిజినెస్ జెట్‌లో తిరుపతికి: ఎక్కేవారు, కొనాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రేణిగుంట విమానాశ్రయంలో పెద్ద విమానాల పక్కన ఒక చిన్న తెల్లటి జెట్ ఆగి ఉండడం ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించదు. దర్శనానికి వచ్చే కుటుంబాలు, శ్రీసిటీ ఫ్యాక్టరీల పని మీద తిరిగేవారు, అత్యవసరంగా రోగిని తరలించాల్సినవారు వాటిని అద్దెకు తీసుకుంటున్నారు. ఒకటి కొనుక్కుంటే ఎలా ఉంటుందని లెక్కలు వేసుకునేవారూ ఉన్నారు. వారు అడిగే ప్రశ్నలకు ఇవి నా జవాబులు. ముందుగా ఒక్క మాట. తయారీదారు బ్రోచర్‌లో కనిపించే వేగం, దూరం, రన్‌వే పొడవు సాధారణంగా సముద్రమట్టంలో, 15 డిగ్రీల చల్లని గాలిలో, కొద్దిమంది ప్రయాణికులతో వేసిన లెక్కలు. మీరు ఎక్కేది మే నెల మధ్యాహ్నం, నిండు కుటుంబంతో. ఆ రోజుకు, ఆ బరువుకు లెక్క వేసి చూపించమని అడగండి. అద్దెకైనా కొనుగోలుకైనా నేను ఇచ్చే ముఖ్యమైన సలహా ఇదే.

చిన్న బిజినెస్ జెట్ అంటే ఏ విమానాలు?

నలుగురి నుంచి ఏడుగురి దాకా ప్రయాణికులు పట్టే, టేకాఫ్ బరువు ఐదు టన్నుల లోపు ఉండే జెట్లను ఇక్కడ ఉద్దేశిస్తున్నాను. సెస్నా సైటేషన్ మస్టాంగ్, సైటేషన్ ఎం2, ఎంబ్రాయర్ ఫీనమ్ 100, హోండాజెట్ ఈ తరగతివి. ఇవన్నీ రెండు ఇంజిన్లవి. హోండాజెట్‌లో ఇంజిన్లు రెక్కల మీద చిన్న స్తంభాలపై నిలబడి ఉంటాయి కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. మిగిలినవాటికి ఇంజిన్లు తోక దగ్గర ఉంటాయి. సిరస్ విజన్ జెట్‌కు ఒకే ఇంజిన్. దాని సంగతి విడిగా చెబుతాను. ఫీనమ్ 300 వీటికంటే ఒక మెట్టు పైది, బరువు ఎనిమిది టన్నులు దాటుతుంది. ఎక్కువమందితో ఢిల్లీ వంటి దూరాలకు తరచుగా వెళ్లేవారు నేరుగా దాని దగ్గర నుంచే మొదలుపెట్టడం మంచిది.

హైదరాబాద్ నుంచి తిరుపతికి నిజంగా జెట్ కావాలా?

గాలిలో దూరం సుమారు 225 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 420 కిలోమీటర్లు. 390 నాట్ల (గంటకు 390 నాటికల్ మైళ్ల) వేగంతో పోయే జెట్‌కు, 280 నాట్లతో పోయే రెండు ఇంజిన్ల టర్బోప్రాప్‌కు (బయటికి కనిపించే పంకాలతో నడిచే విమానానికి) కాగితం మీద తేడా దాదాపు పద్నాలుగు నిమిషాలు. నిజంలో అది ఇంకా తగ్గుతుంది. ఇంత చిన్న ప్రయాణంలో ఎక్కువ సమయం పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికే పోతుంది కాబట్టి జెట్ తన పూర్తి వేగంతో పోయేది కొద్దిసేపే. పైగా జెట్ ఇంజిన్ తక్కువ ఎత్తులో ఇంధనాన్ని విపరీతంగా తాగుతుంది. అందుకే హైదరాబాద్, విజయవాడ మార్గాలకు కింగ్ ఎయిర్ వంటి టర్బోప్రాప్ దొరికితే మొహమాటపడకుండా తీసుకోండి. పంకాలు బయటికి కనిపిస్తాయని దాన్ని తక్కువగా చూసేవారు ఉన్నారు. అది సరైన కొలమానం కాదు.

ముంబై సుమారు 500 నాటికల్ మైళ్లు, ఢిల్లీ 900. జెట్ తన విలువ చూపించేది ఆ దూరాల్లో. చెన్నై నుంచి అయితే గాలిలో వంద కిలోమీటర్లే. విమానాశ్రయాల్లో గడిపే సమయం కలుపుకుంటే రోడ్డు మీద వచ్చే కారుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. చెన్నై నుంచి జెట్ అడిగేవారికి నేను కారే చెబుతాను.

ఢిల్లీకి ఆగకుండా వెళ్లగలమా?

నలుగురితో, గాలి అనుకూలంగా ఉంటే ఫీనమ్ 100, హోండాజెట్ వంటివి వెళ్లగలవు. వాటి గరిష్ఠ దూరం సుమారు 1,200 నాటికల్ మైళ్లు. కానీ ట్యాంకు నిండా ఇంధనం పోస్తే చాలా చిన్న జెట్లలో ముగ్గురు నలుగురి బరువుకు మించి చోటు మిగలదు. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి గాలులు ఎత్తులో బలంగా వీస్తాయి. ఢిల్లీలో పొగమంచు ఉంటే మరో విమానాశ్రయానికి మళ్లేంత ఇంధనం కూడా మోసుకెళ్లాలి. కాబట్టి ఆరుగురు కూర్చుంటే నాగపూర్‌లో ఒకసారి ఆగాలనే అనుకోండి. అలా ఆగాల్సి వస్తుందని ముందే చెప్పే ఆపరేటర్ మీకు నిజం చెబుతున్నట్లే.

ఎండాకాలంలో రేణిగుంట నుంచి బయలుదేరేటప్పుడు సామాను దించమన్నారు. రన్‌వే చిన్నదా?

కాదు. రేణిగుంట రన్‌వే పొడిగించక ముందే 2,286 మీటర్లు ఉండేది. చిన్న జెట్‌కు అదే ఎక్కువ. సమస్య గాలిది.

విమానాశ్రయం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 350 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీల పైచిలుకు. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు 42 డిగ్రీలు ఉందనుకోండి. తేడా 28 డిగ్రీలు. ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున గాలి పలచబడినట్లు పైలట్లు లెక్క వేస్తారు. అంటే ఆ మధ్యాహ్నం విమానానికి రేణిగుంట 3,700 అడుగుల ఎత్తులో ఉన్నట్లే. బెంగళూరు విమానాశ్రయం ఉన్నదే 3,000 అడుగుల ఎత్తులో. పలచని గాలిలో రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిన్ తోపూ (ముందుకు నెట్టే బలమూ) తగ్గుతుంది.

అయినా రెండు ఇంజిన్లూ పనిచేస్తుంటే చిన్న జెట్ హాయిగా పైకి లేస్తుంది. పైలట్ లెక్క వేసేది ఆ సుఖమైన సందర్భానికి కాదు. సరిగ్గా నేల వదిలే క్షణంలో ఒక ఇంజిన్ ఆగిపోతే మిగిలిన ఒక్క ఇంజిన్‌తో, ఆ వేడిలో, ఆ బరువుతో ఎంత ఏటవాలుగా ఎక్కగలం అన్నదానికి. పడమటి వైపు టేకాఫ్ చేస్తే ఎదుట, కుడి పక్కన శేషాచలం కొండలున్నాయి. తిరుమల ఎత్తే దాదాపు 2,800 అడుగులు. బరువును నిర్ణయించేది ఈ లెక్క. రన్‌వే ఎంత మిగిలిందన్నది తరువాతి సంగతి. అందువల్ల పైలట్ రెండు పెట్టెలు దించమన్నా, తూర్పు వైపు టేకాఫ్ కోసం పది నిమిషాలు ఆగుదామన్నా, సాయంత్రం ఆరు దాటాక బయలుదేరుదామన్నా కాదనకండి.

ప్రయాణికుల బరువు అడిగితే నిజం చెప్పండి. మొహమాటంతో పది కిలోలు తగ్గించి చెప్పేవారు ఎక్కువ. ఆరుగురు అలా చెబితే లెక్కలో ఒక మనిషి బరువు మాయమవుతుంది. తిరుగు ప్రయాణంలో లడ్డూ పెట్టెలు, ప్రసాదాల సంచులు, కొత్తగా కొన్న చీరల మూటలు చేరతాయి కాబట్టి తూనిక అప్పుడు మళ్లీ వేయాలి. నేను చూసిన మంచి పైలట్లలో ఒకరు స్ప్రింగ్ తూనికను కాక్‌పిట్ సంచిలోనే పెట్టుకునేవారు. విమానం నీడలో నిలబడి ప్రతి సంచినీ కొక్కేనికి తగిలించి, అంకె పైకి చదివి, అట్ట మీద రాసుకుని, ముందు పెట్టాల్సింది ముందు, వెనక పెట్టాల్సింది వెనక తానే సర్దించేవారు. ప్రయాణికులకు ఆ ఐదు నిమిషాలు విసుగ్గా ఉండేది. అలా తూకం వేసే మనిషి నడిపే విమానంలో నా ఇంటివాళ్లను నిశ్చింతగా ఎక్కిస్తాను.

వానలో దిగడం ప్రమాదమా?

జాగ్రత్తగా చేస్తే కాదు. కానీ చిన్న జెట్లలో చాలావాటికి, ఫీనమ్ 100కూ హోండాజెట్‌కూ మస్టాంగ్‌కూ, ఇంజిన్ తోపును వెనక్కి తిప్పి వేగం తగ్గించే ఏర్పాటు ఉండదు. భారం ప్రధానంగా చక్రాల బ్రేకుల మీదే. తడి రన్‌వే మీద టైరుకూ నేలకూ మధ్య నీటి పొర ఏర్పడితే బ్రేకులు పట్టవు. అందుకే అద్దె విమానాలకు నిబంధనల్లో గట్టి వెసులుబాటు పెట్టారు. లెక్క ప్రకారం 900 మీటర్లలో ఆగగల విమానానికి పొడి రన్‌వే 1,500 మీటర్లు ఉండాలి. తడిగా ఉంటే దాని మీద మరో పదిహేను శాతం, అంటే సుమారు 1,725 మీటర్లు. రేణిగుంటకు ఇది ఇబ్బంది కాదు. మీ సొంత ఊరి దగ్గర ఏదైనా చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దించమని అడిగినప్పుడు ఇదే లెక్క అడ్డుపడుతుంది. అప్పుడు పైలట్ కాదంటే అర్థం చేసుకోండి.

పెద్ద విమానం వెనుక దిగేటప్పుడూ ఆలస్యం ఉంటుంది. ఏ320 వంటి విమానం రెక్కల చివరల నుంచి గాలి సుడులు వెనక మిగిలిపోతాయి. ఏడు టన్నుల లోపు విమానాన్ని అవి పక్కకు దొర్లించగలవు. విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ ఐదు నాటికల్ మైళ్ల ఎడం పాటిస్తుంది. ఆ కొద్ది నిమిషాల నిరీక్షణ మీ మంచికే.

41,000 అడుగుల ఎత్తులో పోతుంది కదా, మేఘాల పైనుంచి దాటిపోవచ్చా?

మామూలు మేఘాలు దాటవచ్చు. ఉరుముల మేఘాన్ని దాటలేరు. మన దేశంలో రుతుపవనాల ముందు, రుతుపవనాల కాలంలో ఆ మేఘాల శిఖరాలు 50,000 అడుగులు దాటిన సందర్భాలున్నాయి. ఏ చిన్న జెట్టూ అంత ఎత్తుకు పోదు. పక్కనుంచి తప్పించుకుని పోవలసిందే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. చిన్న జెట్ ముక్కు చిన్నది. అందులో పట్టే వాతావరణ రాడార్ పళ్లెం కూడా చిన్నదే. దాని చూపు పెద్ద విమానం రాడార్ అంత పదునుగా ఉండదు. దగ్గరలో భారీ వాన ఉంటే దాని వెనుక దాక్కున్న మరో మేఘం తెర మీద కనిపించకపోవచ్చు. అందువల్ల మంచి పైలట్ తెర మీద రంగుల మధ్య సందులు వెతకడు. బలమైన మేఘానికి ఇరవై నాటికల్ మైళ్ల దూరం ఉంచుకుని చుట్టు తిరిగి పోతాడు.

మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నెల్లూరు నుంచి తిరుపతి దాకా రోజుల తరబడి ముసురు. ఆ నెలల్లో బుక్ చేసుకుంటే ఒక రోజు అటూ ఇటూ అయ్యేలా ఏర్పాటు చేసుకోండి.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉన్న హెలికాప్టర్ హైదరాబాద్ నుంచి బయలుదేరింది చిత్తూరు జిల్లాకే. నల్లమల మీద చెడు వాతావరణంలో అది కూలి ఐదుగురూ చనిపోయారు. హెలికాప్టర్ వేరు, జెట్ వేరు. అయినా ఈ మార్గంలో వానాకాలపు ఆకాశాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి నాకు ఇంతకంటే బలమైన ఉదాహరణ తెలియదు. "దర్శనం టైముకు అందాలి, ఎలాగైనా తీసుకెళ్లండి" అని పైలట్‌తో అనకండి. డబ్బు కట్టినవారు ఆ మాట అంటే దాని బరువు ఎంతో మీకు తెలియకపోవచ్చు.

ఈ జెట్లను ఒక్క పైలట్ నడపవచ్చట. మరి ఇద్దరెందుకు?

పైన చెప్పిన జెట్లన్నీ ఒక్క పైలట్ నడపగలిగేలా ధ్రువీకరణ పొందినవే. అయినా ఇద్దరు ఉండాలని పట్టుబట్టండి. మీ సొంత విమానమైనా సరే. వాన, మళ్లింపు, రేడియోలో కొత్త సూచనలు, కాక్‌పిట్‌లో ఒక హెచ్చరిక దీపం, అన్నీ ఒకేసారి వచ్చే నిమిషాలు ఉంటాయి. అప్పుడు ఒకరు నడుపుతుంటే మరొకరు చెక్‌లిస్టు చదవాలి. దానివల్ల ఒక సీటు తగ్గితే తగ్గనివ్వండి. క్యాబిన్ పీడనం కోల్పోతే 41,000 అడుగుల దగ్గర మనిషికి తెలివిగా పనిచేసే వ్యవధి పదిహేను సెకన్ల లోపే. ఆ పదిహేను సెకన్లలో మాస్కు పెట్టుకోగలిగినవారు కనీసం ఒకరైనా ఉండాలి.

తిరుమల కొండ చుట్టూ ఒకసారి తిప్పమని అడగవచ్చా?

అడగవద్దు. ఆలయం మీదుగా ఎగరడం ఆగమ సంప్రదాయానికి విరుద్ధమని, తిరుమల గగనతలాన్ని విమానాలకు నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించాలని టీటీడీ కేంద్రాన్ని పలుమార్లు కోరింది. భక్తితో వచ్చినవారు ఆ మనోభావాన్ని తామే గౌరవించడం సముచితం. కొండలు మామూలు ప్రయాణంలోనే కనిపిస్తాయి. పడమటి నుంచి తూర్పు ముఖంగా దిగుతుంటే ఎడమ కిటికీ దగ్గర కూర్చోండి.

అద్దెకు తీసుకునే ముందు ఏ కాగితాలు అడగాలి?

మొదట విమానం ఏ తరగతిలో నమోదైందో అడగండి. మన దేశంలో నమోదైన విమానాల గుర్తు వీటీతో మొదలవుతుంది. వాటిలో ప్రైవేటు తరగతి విమానాన్ని యజమాని తన పనికే వాడుకోవాలి. డబ్బు తీసుకుని ఇతరులను ఎక్కించకూడదు. అద్దెకు తిప్పాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్‌లో మీరు ఎక్కబోయే విమానం నంబరు రాసి ఉండాలి. పర్మిట్ ఉన్న కంపెనీ పేరు చెప్పి, చివరి నిమిషంలో జాబితాలో లేని విమానాన్ని పంపితే ఎక్కకండి.

తెలిసినవారి విమానం, "పెట్రోలు ఖర్చు ఇస్తే చాలు" అనే ప్రతిపాదన వస్తే ఇంకా జాగ్రత్త. ప్రైవేటు విమానంలో డబ్బిచ్చి ప్రయాణించారని తేలితే, బీమా కంపెనీ చెల్లించనన్నప్పుడు వాదించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

ప్రయాణికుల బీమా ఎంత, పైలట్లిద్దరికీ ఆ మోడల్ మీద టైప్ రేటింగ్ (దాన్ని నడపడానికి ప్రత్యేక అర్హత) ఉందా, ఈ మధ్య ఎన్ని గంటలు నడిపారు, ఇవీ అడగండి. మంచి ఆపరేటర్ నొచ్చుకోడు. అడిగిన గంటలో కాగితాలు పంపిస్తాడు.

బిల్లు ఎందుకు అంత ఎక్కువ వస్తుంది? మేము ఎగిరింది గంటే కదా?

విమానం రేణిగుంటలో ఉండదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఢిల్లీ నుంచో ఖాళీగా వస్తుంది, ఖాళీగా పోతుంది. ఆ గంటలూ మీవే. వాటితోపాటు ల్యాండింగ్, పార్కింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ రుసుములు, సిబ్బంది రాత్రి బస, జీఎస్టీ ఉంటాయి. తక్కువకు కావాలంటే ఎటూ ఖాళీగా తిరిగి వెళ్లే విమానం గురించి అడగండి. అయితే దాని సమయం మీ చేతిలో ఉండదు కాబట్టి ఆర్జిత సేవ టికెట్ ఉన్నవారికి అది పనికిరాదు.

దర్శనం ఆలస్యమైతే విమానం ఆగుతుందా?

విమానం ఆగుతుంది. పైలట్లు ఆగలేకపోవచ్చు. వారి డ్యూటీ గంటలకు డీజీసీఏ పరిమితి ఉంది. పొద్దున్నే ఢిల్లీలో డ్యూటీ ఎక్కిన సిబ్బంది రాత్రి మిమ్మల్ని తిరిగి తీసుకెళ్లాలంటే ఆ లెక్క చూసుకోవాలి. రేణిగుంట నుంచి కొండ మీదికి దాదాపు నలభై కిలోమీటర్లు. అలిపిరి తనిఖీ, ఘాట్ రోడ్డు, క్యూ, తిరిగి దిగడం, ఇవన్నీ మీ చేతిలో లేనివి. ఒకే రోజులో ముగించాలనుకుంటే తెల్లవారుజామున వచ్చి, సాయంత్రానికి కనీసం మూడు గంటల వెసులుబాటు ఉంచుకోండి. నన్నడిగితే ఒక రాత్రి తిరుపతిలో ఉండడమే మేలు. దర్శనమూ ప్రశాంతంగా జరుగుతుంది.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో పార్కింగ్ స్థలం దొరకడమే కష్టం. మిమ్మల్ని దించి విమానం చెన్నైకో మరో చోటికో వెళ్లి రావలసి రావచ్చు. ఆ ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి.

మా నాన్నగారికి ఊపిరితిత్తుల సమస్య ఉంది. తీసుకురావచ్చా?

వైద్యుడిని తప్పక అడగండి, ప్రశ్న సరిగ్గా అడగండి. "విమానం ఎక్కవచ్చా" అని కాకుండా, "ఎనిమిది వేల అడుగుల ఎత్తులో గంటన్నర కూర్చోవచ్చా" అని. చిన్న జెట్ తన గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు క్యాబిన్‌లో ఉండే గాలి దాదాపు ఆ ఎత్తుదే. కొంచెం కింద ఎగిరితే క్యాబిన్ ఎత్తు కూడా తగ్గుతుంది. ఇంధనం కొంత ఎక్కువవుతుంది, కానీ పెద్దవారి కోసం ఆ మాట ముందే చెబితే పైలట్ ఏర్పాటు చేయగలడు. చంటిపిల్లలను దిగేటప్పుడు నిద్రపోనివ్వకండి. పాలు తాగిస్తూ ఉంటే చెవులు నొప్పి పుట్టవు.

లోపల టాయిలెట్ ఉంటుందా?

మోడల్‌ను బట్టి. హోండాజెట్‌లో తలుపు ఉన్న గది ఉంది. మస్టాంగ్‌లో అత్యవసరానికి తెర చాటు ఏర్పాటు మాత్రమే. విజన్ జెట్‌లో లేదు. పెద్దవారు ఉంటే బుక్ చేసేటప్పుడే అడగండి.

పాత జెట్ ఒకటి చూశాం. పరీక్షా ప్రయాణంలో ఏమి గమనించాలి?

అమ్మేవారు ఉదయం చల్లటి వేళ, ఇద్దరితో, సగం ఇంధనంతో తిప్పి చూపిస్తారు. అప్పుడు ఏ జెట్ అయినా బాణంలా దూసుకుపోతుంది. మీరు మధ్యాహ్నం అడగండి. మీరు మామూలుగా తీసుకెళ్లేంత మందిని, లేదా అంత బరువును, ఎక్కించండి.

ఎక్కేముందు చుట్టూ తిరగండి. ఎండకు కాగిన ఆప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీద వంగి చక్రాల గూటిలోకి టార్చి వేసి చూడండి. హైడ్రాలిక్ గొట్టాల కీళ్ల దగ్గర ఎర్రటి తడి మెరుస్తోందా, దాని మీద దుమ్ము అంటుకుని గట్టిపడిందా? తాజా తడి అయితే ఇప్పటి లీకు. గట్టిపడిన పొర అయితే చాలాకాలంగా ఎవరూ పట్టించుకోని లీకు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండోదే. మంచు తొలగించడానికి రెక్క అంచుకు నల్లటి రబ్బరు తొడుగు ఉన్న మోడల్ అయితే దాన్ని వేలితో నొక్కుతూ చివరిదాకా పోండి. మన ఎండకు రబ్బరు పగుళ్లు తేలుతుంది. తిరుపతిలో మంచు ఎక్కడిదని వదిలేయకండి. మే నెలలో కూడా ఇరవై వేల అడుగుల ఎత్తు మేఘంలో రెక్క మీద మంచు కడుతుంది.

తరువాత క్యాబిన్‌లో కూర్చుని తలుపు మూయించండి. బయటి కరెంటు మీద ఏసీ ఎంతసేపట్లో చల్లబరుస్తుందో గడియారం చూసుకోండి. ఇరవై నిమిషాల తరువాత కూడా చెమట పడుతుంటే ఆ ఏసీ మన ప్రాంతానికి చాలదు, లేదా మరమ్మతు కోరుతోంది. ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కాక్‌పిట్‌లో కంప్యూటర్ తెరలు కూడా ఆ వేడిని భరించాలి.

పైకి వెళ్లాక ధ్రువీకరించిన గరిష్ఠ ఎత్తు దాకా తీసుకెళ్లమనండి. సగం ఎత్తులో తిప్పి దించితే అంగీకరించకండి. ఆ ఎత్తులో క్యాబిన్ పీడనం పుస్తకంలో చెప్పినట్లు ఉందో లేదో, తలుపు రబ్బరు దగ్గర ఈల వినిపిస్తోందా, రెండు ఇంజిన్ల ఉష్ణోగ్రతలు పక్కపక్కన సరిపోలుతున్నాయా, పైలట్ రాసుకోవాలి. ఒక ఇంజిన్ మరోదానికంటే ఎప్పుడూ ఎక్కువ వేడిగా నడుస్తుంటే లోపల బ్లేడ్లు అరిగి ఉండవచ్చు. 29,000 అడుగుల పైన విమానాల మధ్య నిలువు ఎడం వెయ్యి అడుగులే కాబట్టి అక్కడ ఎగరడానికి ప్రత్యేక అనుమతి, కచ్చితమైన ఎత్తు కొలిచే పరికరాలు కావాలి. అవి లేకపోతే జెట్ కింద ఎగురుతూ ఇంధనం తాగుతుంది. ఆ అనుమతి మీ పేరు మీద కొత్తగా తీసుకోవాలని గుర్తుంచుకోండి.

ఆ తరువాత వెనక సీట్లలో ఒక్కొక్కదానిలో కాసేపు కూర్చోండి. యజమానులు పరీక్షా ప్రయాణమంతా కాక్‌పిట్‌లోకి తొంగిచూస్తూ గడిపేస్తారు. కొన్న తరువాత వారి తల్లిదండ్రులు కూర్చునేది వెనక. మోకాళ్లు ఎదుటివారికి తగులుతున్నాయా, గొంతు పెంచకుండా మాట్లాడుకోగలమా, చీర కట్టుకున్న పెద్దావిడ ఆ మెట్లు ఎక్కగలరా, ఇవి చూడండి.

లాగ్‌బుక్‌లో ముఖ్యంగా ఏమి చూడాలి?

గంటలతోపాటు ల్యాండింగ్‌ల సంఖ్య చూడండి. ఎప్పుడూ అరగంట ప్రయాణాలు చేసిన విమానం గంటలు తక్కువ చూపిస్తుంది, కానీ ప్రతి ప్రయాణానికీ క్యాబిన్ ఒకసారి ఉబ్బి తగ్గింది, చక్రాలు ఒకసారి నేలను తాకాయి. లోహం అలసటకు లెక్క అది.

ఇంజిన్లు పూర్తి మరమ్మతుకు ఎంత దూరంలో ఉన్నాయి? మస్టాంగ్ ఇంజిన్‌కు ఆ గడువు 3,500 గంటలు, హోండాజెట్ ఇంజిన్‌కు 5,000 గంటలు. గంటకు ఇంత అని ముందే కడుతూ పోయే ఇంజిన్ పథకంలో విమానం ఉందా, బకాయిలు ఉన్నాయా, పథకం కొత్త యజమానికి బదిలీ అవుతుందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. పథకం లేని జెట్ చవకగా కనిపిస్తుంది. రెండు ఇంజిన్ల మరమ్మతు బిల్లు వచ్చినప్పుడు ఆ చవక ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. సముద్రతీరంలో ఎక్కువకాలం ఆరుబయట నిలిపిన విమానమైతే తుప్పు కోసం నేల పలకలు విప్పించి చూడాలి. ఈ తనిఖీ అమ్మేవారితో సంబంధం లేని ఇంజనీరు చేయాలి. ఆ రుసుము దగ్గర పొదుపు చేయకండి.

తయారీ ఆగిపోయిన మోడల్ సగం ధరకు వస్తోంది. తీసుకోవచ్చా?

తయారీ ఆగడం ఒకటి, తయారీదారు మూతపడడం మరొకటి. మస్టాంగ్ తయారీ 2017లో ఆగింది. కానీ సెస్నా విమానాలు చేసే సంస్థ నిలబడే ఉంది, విడిభాగాలు ఇస్తోంది. ఎక్లిప్స్ 500 కథ వేరు. 2006లో ధ్రువీకరణ పొందినప్పుడు చిన్న జెట్ల యుగం వచ్చేసిందని లోకమంతా అనుకుంది. దానితో అమెరికాలో ఎయిర్ ట్యాక్సీ నడిపిన డేజెట్ 2008 సెప్టెంబరులో ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో ఎక్లిప్స్ సంస్థ దివాలా తీసింది. అప్పటికి తయారైనవి సుమారు 260. విమానం చెడ్డది కాదు. ఇంధనం చాలా తక్కువ తాగుతుంది. కానీ కంపెనీ చేతులు మారుతూ పోతే ఒక చిన్న విడిభాగం కోసం విమానం నెలల తరబడి నేల మీద కూర్చోవచ్చు. అమెరికాలో ఉన్నవారికే ఇబ్బంది అయితే, విడిభాగం కస్టమ్స్ దాటి రేణిగుంట చేరాల్సిన మనకు ఎంత ఇబ్బందో ఊహించండి. నేనైతే తీసుకోను.

ఒకే ఇంజిన్ ఉన్న విజన్ జెట్ మాటేమిటి? పారాచూట్ ఉందట కదా?

ఉంది. ఆపదలో మొత్తం విమానాన్నే కిందికి దించే పారాచూట్ అది. ఈ విమానం 2016లో ధ్రువీకరణ పొందింది. కొత్తవాటిలో పైలట్ స్పృహ తప్పితే ప్రయాణికుడు బటన్ నొక్కగానే తనంతట తాను దిగే వ్యవస్థ కూడా ఉంది. మంచి ఆలోచన, శ్రద్ధగా చేసిన విమానం. కానీ దాని ఎత్తు 31,000 అడుగులకే పరిమితం, వేగం సుమారు 300 నాట్లు. శేషాచలం, నల్లమల మీదుగా రాత్రి పూట, వానాకాలంలో కుటుంబంతో తిరగడానికి నేను రెండో ఇంజిన్‌నే కోరుకుంటాను. అడవి కొండల మీద పారాచూట్‌తో దిగడం ప్రాణం కాపాడవచ్చు, కానీ దిగిన చోటికి మనుషులు చేరడానికి ఎంతసేపు పడుతుందో ఈ ప్రాంతంవారికి చెప్పనవసరం లేదు.

కొన్న జెట్‌ను రేణిగుంటలోనే ఉంచుకోవచ్చా?

విమానాశ్రయం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. పార్కింగ్ అనుమతి వారి నుంచి తీసుకోవాలి. ఎండలో, ఈశాన్య వానల్లో ఆరుబయట ఉంచడం విమానానికి మంచిది కాదు. హ్యాంగర్, ఆ మోడల్‌కు లైసెన్సు ఉన్న ఇంజనీరు, విడిభాగాలు దొరికే చోట విమానాన్ని ఉంచి, అవసరమైనప్పుడు ఇక్కడికి రప్పించుకోవడం నయం. మన చుట్టుపక్కల అది హైదరాబాద్ లేదా బెంగళూరు. ఖాళీగా వచ్చే గంటల ఖర్చును మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకోండి.

శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున ఇబ్బంది ఉంటుందా?

ఉండవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోదే. ప్రయోగ సమయంలో ఆ పరిసర గగనతలాన్ని కొన్ని గంటలు మూసివేస్తూ ముందుగానే నోటామ్ (పైలట్లకు హెచ్చరిక ప్రకటన) ఇస్తారు. పైలట్లు దాన్ని చూసుకుని మార్గం, సమయం మారుస్తారు. ప్రయోగం వాయిదా పడితే మూసివేత కూడా మరుసటి రోజుకు జరుగుతుంది కాబట్టి, ఆ వారంలో ప్రయాణం ఉంటే బయలుదేరే రోజు పొద్దున మరోసారి కనుక్కోండి.